సంక్రాంతికి నోయిడా నుంచి కామారెడ్డికి: కారులో ఎవరెక్కడ కూర్చోవాలి?

డిసెంబరు చివరి ఆదివారం. నోయిడాలో అక్క వాళ్ల ఇంట్లో భోజనాలయ్యాక బల్ల మీద ఒక కాగితం పరిచారు. దాని మీద కారు బొమ్మ, బొమ్మలో ఆరు గళ్లు, పక్కన ఏడుగురి పేర్లు. సంక్రాంతికి కామారెడ్డి దగ్గర బావ వాళ్ల ఊరికి వెళ్లాలి. రైల్లో ఏడు బెర్తులు దొరకాలంటే 60 రోజుల ముందు, రిజర్వేషన్ తెరిచిన రోజే పట్టుకోవాలి. ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఏడుగురికీ విమానం టికెట్లంటే పండగ ఖర్చంతా అందులోనే పోతుంది. ఇక మిగిలింది కారు. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా ఆగ్రా, అక్కడి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, నాగ్‌పూర్, ఆదిలాబాద్, నిర్మల్. మొత్తం దాదాపు 1,450 కిలోమీటర్లు.

ఏడుగురంటే అక్క, బావ, బండి నడపడంలో సాయానికి నేను, పిల్లల నాయనమ్మ, ఎనిమిదేళ్ల పెద్దవాడు, ఐదేళ్ల నడిపిది, 14 నెలల చిన్నది. కారు ఆరు సీట్లది. లెక్క నాయనమ్మే తేల్చేసింది. "చిన్నది నా ఒళ్లో ఉంటది. ముగ్గుర్ని ఒళ్లో పెట్టుకొనే పెంచిన. బస్సుల్ల తిరిగినం, జీపుల్ల తిరిగినం. ఏమైంది?"

అందరూ నా వైపు చూశారు. ఇంట్లో ఫిజిక్స్ చదివినవాళ్లుంటే ఇలాంటి తీర్పులు వాళ్ల నెత్తినే పడతాయి.

నాయనమ్మ మాటలో అబద్ధమేమీ లేదు. ఏ ప్రమాదమూ జరగనంత వరకు బిడ్డకు ఒడిని మించిన సీటు లేదు. చిక్కల్లా వేగంతోనే. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులోని చంటిపాప కూడా సెకనుకు దాదాపు 14 మీటర్ల వేగంతో పోతున్నట్టే. కారు గట్టి వస్తువును ఢీకొని, ముందుభాగం నలుగుతూ 60 సెంటీమీటర్ల దూరంలో ఆగిందనుకుందాం. అలా ఆగడానికి పట్టేది సెకనులో పదో వంతు కన్నా తక్కువ. ఇంటర్మీడియట్‌లో నేర్చుకున్న సూత్రంతోనే లెక్కేస్తే ఆ రుణత్వరణం భూమి గురుత్వానికి 16 రెట్లు వస్తుంది. అంటే 10 కిలోల పాపను పట్టి ఆపాలంటే చేతులు 160 కిలోల బరువును ఆపినంత బలం చూపాలి. అదీ ముందుగా సిద్ధపడి కాదు, రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో. వేగం 80 అయితే ఆ బరువు 400 కిలోలు దాటుతుంది. వేగం పెరిగేది ఒకటిన్నర రెట్లు పైచిలుకే అయినా, లెక్కలో దాని వర్గం కూర్చుంటుంది కాబట్టి.

నాయనమ్మకు ఈ అంకెలు ఎక్కలేదు. అప్పుడు బాల్కనీ చూపించాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొనడమంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. వాళ్లుండేది మూడో అంతస్తు. ఆ రెయిలింగు మీద పాపను కూర్చోబెట్టి ఒట్టి చేతులతో పట్టుకోమంటే ఏ నాయనమ్మా ఒప్పుకోదు.

"అయితే నా బెల్టే ఇద్దరికీ కలిపి కట్టండి" అంది. చాలామంది చేసేది అదే. అది మరీ ప్రమాదం. ఢీకొన్నప్పుడు వెనకున్న పెద్దమనిషి బరువంతా బెల్టుకూ తనకూ మధ్యనున్న పసిదాని మీద పడుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో భద్రపరచకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. ఈ నిబంధన ఉందని తెలిసినవాళ్లు నా స్నేహితుల్లో ఇద్దరో ముగ్గురో. వెనక సీటు బెల్టు మీద కొంత చర్చ జరిగింది 2022 సెప్టెంబరులోనే, పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పాల్‌ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో మరణించినప్పుడు. ఆయన వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్నారని పోలీసులు చెప్పారు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో సీటు బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. వారిలో దాదాపు సగం, 8,331 మంది, డ్రైవర్లు కాదు, ప్రయాణికులు.

ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల బిగిసే బెల్టును 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ తయారుచేశాడు. ఆ బెల్టు మనిషిని ఎముకల దగ్గర పట్టుకుంటుంది: భుజం ఎముక, ఛాతీ, తుంటి. కానీ అది పెద్దవాళ్ల ఎముకలు. మా పెద్దవాడిలాంటి ఎనిమిదేళ్ల పిల్లాడికి అదే బెల్టు మెడను ఒరుసుకుంటుంది, కింది పట్టీ తుంటి మీద నిలవకుండా పొట్ట మీదికి జారుతుంది. ఢీకొంటే ఆ పట్టీ నొక్కేది పేగులను, కాలేయాన్ని. అందుకే వాడికి బూస్టర్ కావాలి. అందులో మాయేమీ లేదు, పిల్లాడిని కాస్త ఎత్తులో కూర్చోబెట్టి బెల్టును సరైన ఎముకల మీదికి తెచ్చే పీట. ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు వచ్చేదాకా అది అవసరమే. "నేనేం చిన్నపిల్లాడినా?" అని వాడు అలిగాడు. క్రికెటర్లు హెల్మెట్ పెట్టుకోరా అంటే సర్దుకున్నాడు.

చంటిపిల్లల విషయం వేరు. పెద్దవాళ్ల శరీరంలో తల ఎనిమిదో వంతు పొడవుంటే, పుట్టిన బిడ్డకు నాలుగో వంతు. బరువైన ఆ తలను మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ముందుకు చూస్తూ కూర్చున్న పాపను బెల్టులు ఆపినా, తల మాత్రం ముందుకు విసురుగా వెళుతుంది. ఆ లాగుడంతా మెడ మీదే. పాపను వెనక్కి తిప్పి కూర్చోబెడితే సీటు వీపే తలనూ మెడనూ వెన్నునూ ఒకేసారి ఆపుతుంది. బలం అంతే, దాన్ని పంచుకునే చోటు పెరుగుతుంది. ఈ ఆలోచనను పిల్లల సీటుగా మార్చినవాడు స్వీడన్‌కు చెందిన వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్. 1960లలో అమెరికా జెమిని వ్యోమగాములు రాకెట్ వేగానికి వీపు అప్పగించి పడుకునే సీట్లను చూసి ఆయనకు ఈ ఊహ తట్టింది. ఐక్యరాజ్యసమితి ఆర్129 ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలల వరకు పిల్లలు వెనక్కే చూడాలి. స్వీడన్‌లో నాలుగేళ్ల వరకూ అలాగే కూర్చోబెడతారు. పసిపిల్లల సీటు సరిగ్గా వాడితే మరణం ముప్పు దాదాపు 70 శాతం వరకు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క జాగ్రత్త: ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో ఈ వెనక్కి చూసే సీటును ఎప్పుడూ పెట్టకూడదు. సెకనులో ముప్పయ్యో వంతులో తెరుచుకునే ఆ సంచి సూటిగా పాప తల వెనక కొడుతుంది.

దీంతో కాగితం మీద లెక్క మారిపోయింది. ఆరు బెల్టులంటే ఆరుగురే. ఏడో మనిషి చంటిపాపైనా సరే, కారు దృష్టిలో ఒక మనిషే. నాయనమ్మకు విమానం టికెట్ కొన్నారు. శంషాబాద్‌లో చిన్నకొడుకు వచ్చి తీసుకెళతాడు. ఆమె రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మోకాళ్ల నొప్పులతో మూడు రోజులు కూర్చోవడం ఎలాగూ కష్టమేనని అక్క నచ్చజెప్పింది గానీ, మనవరాలిని ఒడిలోంచి తీసేశారన్న బాధ అది. సూత్రాలతో తీరేది కాదు.

మధ్య వరుసలోని రెండు విడి సీట్లలో నడిపిదాని సీటు ఒకటి, చిన్నదాని సీటు ఒకటి బిగించాం. చివరి వరుసలో అక్క, పెద్దవాడు. ఇక్కడ మేం అనుకోని మేలు ఒకటి జరిగింది. చిన్నది వెనక్కి తిరిగి కూర్చుంటుంది కదా, దానికి ఎదురుగా కనిపించేది చివరి వరుసలోని అమ్మే. ఐసోఫిక్స్ కొక్కేలు ఇప్పుడు వస్తున్న చాలా కార్లలో సీటు సందులో ఉంటాయి. పిల్లల సీటును వాటికి తగిలించాక అడుగుభాగం పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి, రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కదిలితే బిగింపు సరిపోనట్టే. పాపకు మందపాటి జాకెట్ వేసి పైనుంచి బెల్టులు కట్టకూడదు. ఢీకొన్నప్పుడు జాకెట్‌లోని గాలి నలిగి బెల్టు వదులైపోతుంది. ఢిల్లీ చలిలో ఈ మాట ఏ తల్లికీ రుచించదు. బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పితే సరిపోతుంది.

సామాను మాటకొస్తే, చివరి వరుస నిండాక వెనక మిగిలే చోటు రెండు మెత్తటి సంచులకే. మిగతావి నాయనమ్మతో విమానంలో వెళ్లాయి. స్టీలు టిఫిన్ డబ్బాలు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు సీట్ల మీద వదిలేయొద్దని నేను పోరుపెట్టాను. పాపకు వర్తించిన సూత్రమే వాటికీ వర్తిస్తుంది.

ఇక ఎప్పుడు బయలుదేరాలి? బావకు రాత్రి ప్రయాణం ఇష్టం. "రాత్రి పదింటికి బయలెల్లితే పొద్దుగాలకు ఝాన్సీ దాటుతం. పిల్లలు పండుకుంటరు, రోడ్డు ఖాళీగ ఉంటది." పిల్లలున్న ఇళ్లన్నింటిలో వినిపించే వాదనే ఇది, సగం నిజం కూడా. పిల్లలు పడుకుంటారు. నడిపేవాడి మెదడు కూడా పడుకోవాలనే చూస్తుంది.

1997లో డాసన్, రీడ్ అనే పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక పోలిక ప్రచురించారు. 17 గంటలు ఏకధాటిగా మెలకువగా ఉన్న మనిషి పనితనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనితనంలా పడిపోతుంది. మన దేశంలో డ్రైవర్లకు అనుమతించిన పరిమితి 0.03 శాతం. బావ ఉదయం ఆరింటికి లేస్తాడు, రోజంతా ఆఫీసు. రాత్రి పదకొండుకు, ఇంకా మథుర కూడా రాకముందే, చుక్క ముట్టకుండానే ఆయన ఆ పరిమితి దాటినవాడితో సమానం. పైగా తెల్లవారుజామున రెండు నుంచి ఆరు గంటల మధ్య శరీర గడియారం మనల్ని అట్టడుగుకు లాగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే కారు 83 మీటర్లు చూడకుండా పోతుంది. కిటికీ తెరవడం, పాటలు పెంచడం వల్ల ఒరిగేది కొద్దిసేపే. పనిచేసేది కాఫీ తాగి వెంటనే 15, 20 నిమిషాలు కునుకు తీయడం. కెఫీన్ ఎక్కడానికి అరగంట పడుతుంది, లేచేసరికి అది సిద్ధంగా ఉంటుంది.

జనవరిలో ఆ వేళకు పొగమంచు కూడా తోడవుతుంది. గంగా మైదానంలో గాలి కదలని, ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లో నేల వేడి పైకి వెళ్లిపోతుంది. నీళ్లు పెట్టిన గోధుమ పొలాల తేమ, గాలిలోని ధూళికణాలు కలిసి నేలకు ఆనుకుని మేఘం కడతాయి. అది దట్టంగా ఉండేది సాధారణంగా తెల్లవారే వేళ, ఎండ ఎక్కేదాకా. దీన్ని అర్థం చేసుకోవడానికే పుణేలోని ఐఐటీఎం శాస్త్రవేత్తలు 2015 చలికాలం నుంచి ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయంలో వైఫెక్స్ అనే ప్రయోగం నడుపుతున్నారు. పైలట్ల కోసం మొదలైన ఆ పని వల్ల పొగమంచు ముందస్తు సూచనలు మెరుగయ్యాయి, రోడ్డు మీదివాళ్లకూ అవి పనికొస్తాయి. వాతావరణ శాఖ లెక్కలో 50 నుంచి 200 మీటర్ల వరకే కనిపిస్తే అది దట్టమైన పొగమంచు, 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టమైనది.

ఈ 50 పక్కన కారు ఆగే దూరాన్ని పెట్టి చూడండి. ప్రమాదం కనిపించాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి దాదాపు 98 మీటర్లు కావాలి. 75 నుంచి 63 మీటర్లు. 40 నుంచి 26. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్ల వేగ పరిమితిని ఇటీవలి చలికాలాల్లో 100 నుంచి 75కు తగ్గిస్తున్నారు. అతి దట్టమైన పొగమంచులో ఆ 75 కూడా చాలా ఎక్కువే. పరిమితి లోపలే ఉన్నాం కదా అనుకుంటే లైట్లు వేయకుండా ఆగిన లారీ కనిపించేసరికి ఆలస్యమైపోతుంది.

పొగమంచులో మనిషి కన్ను వేగాన్ని ఎలా అంచనా వేస్తుందన్న దాని మీద శాస్త్రవేత్తలే ఏకాభిప్రాయానికి రాలేదు. 1998లో వచ్చిన ఒక పరిశోధన, దృశ్యం మసకబారితే మనం నెమ్మదిగా పోతున్నట్టు భ్రమపడి తెలియకుండానే వేగం పెంచుతామంది. 2012లో మరో బృందం నిజమైన పొగమంచును ఎక్కువగా పోలిన దృశ్యాలతో పరీక్షిస్తే ఫలితం తిరగబడింది. దగ్గరివి స్పష్టంగా, దూరంవి మసకగా కనిపించినప్పుడు డ్రైవర్లు వేగం తగ్గించారు. ఎవరు సరైనా ఇంట్లో మా నిర్ణయం ఒక్కటే: కంటి అంచనా వద్దు, స్పీడోమీటరు చూడాలి. ఉదయం తొమ్మిదిన్నరకు ముందు నోయిడా వదలకూడదు, చీకటి పడ్డాక నడపకూడదు. ఒక రాత్రి ఝాన్సీలో, ఒక రాత్రి సివనీలో. ప్రయాణం మూడు రోజులైంది, హోటల్ ఖర్చు పెరిగింది. బావ కాస్త సణిగాడు.

జనవరి 9 ఉదయం బయలుదేరాం. ఢిల్లీ పరిసరాల్లో చలికాలం కారెక్కగానే అందరూ చేసే పనే మేమూ చేశాం. బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ మీట నొక్కాం. పీఎం 2.5 కోణంలో అది సరైనదే. కానీ ఆరుగురి ఊపిరి ఆ డబ్బాలోనే తిరుగుతుంది. పెద్దవాళ్లు కూర్చుని ఉంటే ఒక్కొక్కరు గంటకు 18 లీటర్ల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతారు, పిల్లలు అంతకన్నా తక్కువ. మా ఆరుగురికీ కలిపి ఓ 80 లీటర్లు. కారులోని గాలి సుమారు 4,000 లీటర్లు. ఏ సందూ లేదనుకుంటే పది నిమిషాల్లోనే 3,000 పీపీఎంకు పైగా పెరగాలి. బయట ఉండేది 425 పీపీఎం ప్రాంతంలో. నిజం కారులో సందులుంటాయి కాబట్టి పెరుగుదల కొంత నెమ్మదిగానే ఉంటుంది, అయినా వేలల్లోకి వెళుతుంది. అంత మోతాదు ఆలోచనను మందగింపజేస్తుందా అన్నదానిపై పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు. గాలి స్తబ్ధంగా, తలభారంగా అనిపించడం మాత్రం ఎవరికైనా అనుభవమే. పైగా ఆరుగురి ఊపిరిలోని తేమ అద్దాలకు లోపలి వైపు పడుతుంది. జేవర్ దగ్గర బయట పొగమంచు విడిపోయింది, మా అద్దం మీద మాత్రం కొత్తది మొదలైంది. హీటరుతో పాటు ఏసీ వేయాలి, చల్లటి కాయిల్ మీద తేమ నీరై కారిపోతుంది. పది పదిహేను నిమిషాలకోసారి రెండు మూడు నిమిషాలు బయటి గాలి తెరవాలి. ముందు లారీ పొగ లేనప్పుడు తెరవాలన్నది అక్క చేర్చిన సవరణ.

చిన్నది మొదటి అరగంట ఏడ్చింది, తర్వాత అమ్మను చూస్తూ నిద్రపోయింది. పాలకు ఏడిస్తే బండి ఆపడమే, నడుస్తుండగా సీటులోంచి తీయడం లేదు. ఎలాగూ రెండు గంటలకోసారి ఆగుతున్నాం. వాలుగా ఉండే ఆ సీట్లో పసిపిల్లలను అంతకు మించి ఉంచకపోవడమే మంచిది.

వాంతులు మాత్రం తప్పలేదు. చివరి వరుస వెనక ఇరుసుకు దగ్గరగా ఉంటుంది, ఊగుడు ఎక్కువ, కిటికీ చిన్నది. లోపలి చెవి కదులుతున్నామంటుంది, ఫోనులో బొమ్మలు చూస్తున్న కన్ను కదలడం లేదంటుంది. ఈ తగువే కడుపులో తిప్పడానికి మూలం. ఐదు సెకన్లకోసారి వచ్చే నెమ్మది ఊగుడు అన్నింటికన్నా చెడ్డదని నౌకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. రెండేళ్ల లోపు పిల్లలకు ఇది అరుదు, బడి వయసు పిల్లలకే ఎక్కువ. పెద్దవాడు గ్వాలియర్ దాటాక ఫోను చూస్తూ కక్కుకున్నాడు. బూస్టరు కడిగి, ఫోను లాక్కుని, నదులు లెక్కపెట్టమన్నాం. అప్పటికే యమున, చంబల్ పోయాయి. రెండో రోజు సాగర్ దాటాక కర్కటరేఖ, బర్మాన్ దగ్గర నర్మద.

మూడో రోజు ఉదయం సివనీ నుంచి పెంచ్ అడవి మీదుగా వచ్చాం. మహారాష్ట్ర వైపు ఈ రహదారిని జంతువుల కోసం తొమ్మిది చోట్ల పైకెత్తారు, అన్నింటికన్నా పొడవైన చోటు 750 మీటర్లు. కింద పులులు కూడా నడిచి వెళ్లినట్టు వన్యప్రాణి సంస్థ కెమెరాలు పట్టాయి. మా కింద నుంచి ఏదైనా పోయిందేమో తెలియదు, పిల్లలు మాత్రం పోయిందనే తీర్మానించారు. తర్వాత ఆదిలాబాద్‌కు ముందు పెన్‌గంగ, నిర్మల్ దాటాక సోన్ దగ్గర గోదావరి. నడిపిది ఆరు నదులని ప్రకటించింది.

చీకటి పడేలోపు ఊరు చేరాం. నాయనమ్మ వాకిట్లోనే ఉంది. కారు తలుపు తెరిచి, బెల్టులు ఎట్లా విప్పాలో తెలియక కాసేపు తడుముకుని, నన్ను పిలిచి విప్పించుకుని చిన్నదాన్ని ఎత్తుకుంది.

తిరుగు ప్రయాణం 18న. సకినాల డబ్బాలు సరే, బావ వాళ్ల అన్న 25 కిలోల కొత్త బియ్యం సంచి కట్టి పెట్టాడు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకా తేలలేదు.